ఊగే ముల్లును ముందు నిలబెట్టండి, క్రూయిజ్ సంగతి తర్వాత

పాత కారులో ఈ రెండు జబ్బులూ చాలాసార్లు జంటగానే వస్తాయి. గంటకు 40 మైళ్ల వేగంతో వెళ్తుంటే స్పీడోమీటర్ ముల్లు 35కూ 45కూ మధ్య లోలకంలా ఊగుతుంది. హైవే ఎక్కి క్రూయిజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కకుండానే కారును ఒకే వేగంలో ఉంచే ఏర్పాటు) పెడితే కారు ఒకసారి విసురుగా ముందుకు లాగి, మరుక్షణం పట్టు వదిలేస్తుంది. వెనక కూర్చున్న పిల్లలకు కడుపులో తిప్పుతుంది. వీటిని రెండు వేర్వేరు మరమ్మతులుగా లెక్కవేసి, క్రూయిజ్ పెట్టె మార్చడానికి వందల డాలర్లు పోసేవాళ్లను చూశాను. కొత్త పెట్టె బిగించాక కూడా కారు అలాగే కుదుపుతుంది. ఎందుకంటే చాలా కార్లలో ముల్లును తిప్పే తీగే ఆ పెట్టెకు కూడా వేగం సంగతి చేరవేస్తుంది. తీగ తడబడితే పెట్టె కూడా తడబడుతుంది. కాబట్టి వరస మార్చవద్దు: మొదట ముల్లు, ఆ తర్వాతే క్రూయిజ్.

ఇక్కడ చెప్పేది గేర్‌బాక్స్ నుంచి మీటర్ దాకా ఒక తొడుగులో తిరిగే తీగ (తీగ, తొడుగు కలిపితే కేబుల్) ఉన్న కార్ల గురించి. అమెరికా రోడ్ల మీద ఇప్పటికీ కనిపించే 1970ల, 1980ల కార్లలో ఎక్కువ భాగం ఈ కోవకే వస్తాయి. మన ఊళ్లలోని అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, పాత మారుతి 800 యజమానులకు క్రూయిజ్ భాగంతో పని లేదు గాని, కేబుల్ గురించి చెప్పిందంతా వాళ్లకూ అక్షరాలా వర్తిస్తుంది. మీటర్‌కు తీగ లేకుండా వైర్లు మాత్రమే వెళ్తున్న కార్ల దారి వేరు. అక్కడ చూడాల్సింది సెన్సర్‌నూ కనెక్టర్లనూ.

ముల్లు ఎందుకు ఊగుతుంది

గేర్‌బాక్స్ వెనక భాగంలో చిన్న పళ్ల చక్రం ఒకటి ఉంటుంది. చాలావరకు అది ప్లాస్టిక్‌దే. దానికి తగిలించిన ఉక్కు తీగ ఒక తొడుగులో తిరుగుతూ డాష్‌బోర్డు దాకా వెళ్తుంది. మీటర్ లోపల ఆ తీగ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతాన్ని కప్పుతూ పల్చటి అల్యూమినియం గిన్నె, ఆ గిన్నెకు ముల్లు, ముల్లును సున్నా వైపు లాగే వెంట్రుకంత స్ప్రింగు ఉంటాయి. అయస్కాంతం, గిన్నె ఒకదాన్నొకటి తాకవు. తిరిగే అయస్కాంతం గిన్నెలో పుట్టించే సుడి విద్యుత్తే ముల్లును లాగుతుంది. జర్మనీకి చెందిన ఓటో షుల్జ్ 1902లో పేటెంటు తీసుకున్న ఈ ఏర్పాటు ఎనభై ఏళ్లకు పైగా దాదాపు మార్పు లేకుండా నడిచింది. అమెరికన్ కార్లలో మైలుకు 1000 చుట్లు తిరిగేలా తీగను అమర్చడం వాడుక. అంటే 60 మైళ్ల వేగంలో తీగ నిమిషానికి సరిగ్గా వెయ్యి చుట్లు తిరుగుతుంది.

దీన్నిబట్టి ముల్లు ఊగుతోందంటే అది అబద్ధం చెబుతోందని కాదు. అయస్కాంతం నిజంగానే ఆగి ఆగి తిరుగుతోంది. తొడుగులో గ్రీజు ఎండిపోతే తీగ ఒకచోట పట్టేస్తుంది. కింది కొస తిరుగుతూనే ఉంటుంది కాబట్టి తీగ మెలితిరుగుతుంది. మెలి బిగుసుకున్నాక ఒక్కసారిగా విడిపోయి జర్రున తిరుగుతుంది. పట్టేసినప్పుడు ముల్లు పడిపోతుంది, విడిపోయినప్పుడు ఎగురుతుంది. చలికాలం ఉదయాల్లో ఇది ఎక్కువగా కనిపించడానికి కారణం గడ్డకట్టిన పాత గ్రీజే.

విప్పేముందు ఒక అరగంట ప్రయాణం

పానా పట్టే ముందు కారును ఒకసారి నడపండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టి, ఫోనులో జీపీఎస్ వేగం చూపించే యాప్ తెరవమనండి. ముల్లునూ ఫోనునూ వాళ్లు చూసి రాసుకోవాలి, మీ కళ్లు రోడ్డు మీదే ఉండాలి. ఈ అరగంట ప్రయాణం, తర్వాత పట్టే రెండు రోజుల పనిని తగ్గిస్తుంది.

తక్కువ వేగంలో బాగా ఊగి, 50 దాటాక కుదురుకుంటే తీగ పొడిబారిందని గాని, ఎక్కడో వంగిందని గాని అర్థం. ఊపుతో పాటు డాష్‌బోర్డు వెనక టిక్ టిక్ మనే చప్పుడో, కీచుమనే శబ్దమో వస్తే కూడా అదే. ముల్లు ఉన్నట్టుండి సున్నాకు పడి మళ్లీ లేస్తుంటే తీగ చివర ఉండే నలుచదరపు కొస అరిగి జారుతోంది. ముల్లు, మైళ్ల లెక్క రెండూ చచ్చిపోతే తీగ తెగింది లేదా కింది పళ్ల చక్రం పోయింది. మైళ్ల లెక్క మామూలుగా తిరుగుతూ ముల్లు మాత్రం అసలు కదలకపోతే తప్పు మీటర్‌లోనే ఉంది. ముల్లు నిలకడగానే ఉండి ఫోను కంటే ఒకే నిష్పత్తిలో ఎక్కువో తక్కువో చూపిస్తే అది జబ్బే కాదు, టైర్ల కొలత మారి ఉంటుంది.

రెండో పరీక్ష నాకు చాలా ఇష్టం. ఖాళీ రోడ్డు మీద క్రూయిజ్ ఒక్క నిమిషం పెట్టి చూడండి. బ్రేకు మీద కాలు సిద్ధంగా ఉంచండి. ఫలితం అర్థం కావాలంటే మీ కారులో క్రూయిజ్ వేగాన్ని ఎక్కడి నుంచి తెలుసుకుంటుందో ముందు తెలియాలి. పాత కార్లలో మూడు పద్ధతులున్నాయి. 1970ల జనరల్ మోటార్స్ కార్లలో గేర్‌బాక్స్ నుంచి వచ్చే కేబుల్ ముందు ఇంజన్ గదిలోని క్రూయిజ్ నియంత్రకంలోకి వెళ్తుంది. అక్కడి నుంచి రెండో కేబుల్ మీటర్‌కు వెళ్తుంది. 1976లో వచ్చిన మెర్సిడెస్ డబ్ల్యూ123 వంటి వాటిలో మీటర్ వెనక ఉన్న చిన్న సెన్సర్ అయస్కాంతం చుట్లు లెక్కపెట్టి డాష్‌బోర్డు కింద ఉన్న ఎలక్ట్రానిక్ పెట్టెకు పంపుతుంది. 1980ల ఫోర్డ్ కార్లు అనేకంలో సెన్సర్ గేర్‌బాక్స్ దగ్గరే ఉంటుంది, కేబుల్ దాని మీద నుంచి మొదలవుతుంది.

ఇక చూడండి. సెన్సర్ గేర్‌బాక్స్ దగ్గర ఉన్న కారులో ముల్లు ఊగుతున్నా క్రూయిజ్ నిలకడగా ఉంటే తప్పు పై కేబుల్‌లోనో మీటర్‌లోనో ఉంది. అదే కారులో రెండూ ఊగితే ముందు పళ్ల చక్రాన్ని అనుమానించాలి. రెండు కేబుళ్ల కారులో క్రూయిజ్ కూడా కుదుపుతుంటే కింది కేబుల్ విప్పండి, క్రూయిజ్ బాగుంటే పై కేబుల్ విప్పండి. మీటర్ వెనక సెన్సర్ ఉన్న కారులో తీగ ఊగినంతకాలం క్రూయిజ్ బాగుపడే అవకాశమే లేదు.

కేబుల్ బయటికి తీయడం

బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. విప్పే ప్రతి చోటా ముందు ఫోనుతో ఫొటో తీయండి. మీటర్ల పెట్టెను ముందుకు లాగేటప్పుడు తొందర వద్దు. కేబుల్ పొట్టిగా ఉండి బిగువుగా పట్టుకుంటుంది. కింద గేర్‌బాక్స్ వైపు కొస విప్పితే పైన కొంచెం వెసులుబాటు దొరుకుతుంది. డబ్ల్యూ123లో ఆయిల్ ప్రెషర్ మీటర్‌కు వైరు కాదు, ఇంజన్ ఆయిలే సన్నటి గొట్టంలో డాష్‌బోర్డు దాకా వస్తుంది. దాన్ని గుంజితే గొట్టం విరిగి తివాచీ అంతా నూనె అవుతుంది. ఇలాంటి గొట్టాలు మీ కారులో ఉన్నాయేమో చేయి పెట్టి తడిమి చూశాకే లాగండి. కేబుల్ మీటర్‌కు కొన్ని కార్లలో మరతో, కొన్నింటిలో నొక్కితే వదిలే ప్లాస్టిక్ పట్టీతో బిగించి ఉంటుంది. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది కాబట్టి వేలితోనే నొక్కండి, స్క్రూడ్రైవర్ వద్దు.

కిందికి దూరాల్సి వస్తే జాకీ మీద మాత్రమే ఆనిన కారు కిందికి ఎట్టి పరిస్థితిలోనూ వెళ్లవద్దు. గట్టి నేల, జాకీ స్టాండ్లు, నేల మీద ఉన్న చక్రాలకు అడ్డు దిమ్మలు, ఈ మూడూ ఉండాలి. గేర్‌బాక్స్ వైపు కేబుల్ తీస్తే కొంత నూనె కారుతుంది, ఒక పళ్లెం పెట్టండి.

చాలా రకాల్లో తీగ తొడుగు నుంచి పైకి జారి వచ్చేస్తుంది. కింది నుంచే రావాల్సినవి కూడా ఉన్నాయి. ఒకవైపు రాకపోతే బలవంతం చేయకుండా రెండో వైపు ప్రయత్నించండి. తీగ మధ్యలో తెగి ఉంటే రెండు ముక్కలూ బయటికి వచ్చాయో లేదో చూసుకోండి.

తీగను గుడ్డతో తుడవండి. ఎర్రటి పొడి అంటితే తుప్పు, నల్లటి జిగురు అంటితే ముదిరిన గ్రీజు. కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టాక చదునైన బల్ల మీద దొర్లించండి. మంచి తీగ నిశ్శబ్దంగా దొర్లుతుంది, వంగిన తీగ ఒకచోట ఎగిరి పడుతుంది. తర్వాత రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, తీగను ఊయల తాడులా కిందికి వేలాడదీసి, వేళ్లతో మెల్లగా తిప్పండి. సాఫీగా తిరగకుండా ఒకచోట ఆగి టపీమని పల్టీ కొడితే అక్కడ మెలి ఉంది. మెలిపడిన తీగను సరిచేయగలమని అనుకోవద్దు. ఎంత నిటారుగా వంచినా ఉక్కు ఆ వంపును మరిచిపోదు, వారంలో ముల్లు మళ్లీ ఊగుతుంది. కొత్తది కొనండి. తొడుగును కూడా పొడవునా తడిమి చూడండి. సైలెన్సర్ గొట్టం దగ్గర కరిగి అణిగి ఉంటే తీగ ఎంత కొత్తదైనా లాభం లేదు.

గ్రీజు విషయంలో చేయి తగ్గించుకోండి. స్పీడోమీటర్ కేబుళ్లకోసమే అమ్మే గ్రాఫైట్ గ్రీజు కావాలి. చక్రాలకు వేసే గ్రీజు మందం ఎక్కువై చలిలో బిగుసుకుంటుంది. పల్చటి నూనె రెండు నెలల్లో జారిపోతుంది. రెండు వేళ్ల మధ్య కొంచెం గ్రీజు పెట్టుకుని తీగను వాటి మధ్య నుంచి లాగితే పట్టే పూత చాలు. మీటర్ వైపు చివరి 15 సెంటీమీటర్లు మాత్రం పొడిగా వదిలేయండి. పేనిన తీగ తిరుగుతూ గ్రీజును స్క్రూలా పైకి ఎక్కిస్తుంది. మొదటిసారి నేను ఈ మాట వినకుండా కొస దాకా పూశాను. ఆ ఎండాకాలం గ్రీజు కరిగి మీటర్‌లోకి చేరి, అయస్కాంతాన్నీ గిన్నెనూ కలిపి పట్టేసింది. చవకలో తీరిపోయే పనికి మీటర్ మొత్తం బాగుచేయించాల్సి వచ్చింది.

తిరిగి బిగించేటప్పుడు కేబుల్ దారి చూడండి. ఏ మలుపూ 15 సెంటీమీటర్ల వ్యాసార్ధం కన్నా ఇరుకుగా ఉండకూడదు. ముల్లు ఊగడానికి సగం కారణం పాత మెకానిక్ ఎవరో కేబుల్‌ను ఏ బ్రాకెట్‌కో కట్టేసి వెళ్లడమే. ఇంజన్ గదికీ లోపలికీ మధ్య గోడలో ఉన్న రబ్బరు బుష్ కూడా ఉండాల్సిన చోటే ఉండాలి. నలుచదరపు కొసను వేళ్లతో తిప్పుతూ రంధ్రంలో కూర్చోబెట్టండి. అది కూర్చున్నాకే మర బిగించండి. మరతో నొక్కి కూర్చోబెడితే మొదటి మైలులోనే తీగ వంగుతుంది.

పళ్ల చక్రం, మీటర్

కింద కేబుల్ విప్పినప్పుడే పళ్ల చక్రాన్నీ తీసి చూడండి. ఒక్క పన్ను విరిగినా ప్రతి చుట్టుకూ ముల్లు ఒకసారి అదురుతుంది. పళ్ల సంఖ్యను లెక్కపెట్టి అదే సంఖ్య ఉన్నది కొనండి, లేకపోతే మీటర్ తప్పు చూపిస్తుంది. ఆ చక్రం ఇరుసు చుట్టూ ఉన్న చిన్న రబ్బరు సీలు అరిగితే గేర్‌బాక్స్ నూనె తీగ వెంట పైకి పాకుతుంది. తీగ పై కొస తడిగా కనిపిస్తే సీలు మార్చకుండా వదలవద్దు.

కేబుల్ బయట ఉండగానే మీటర్‌ను పరీక్షించడం సులభం. పాత తీగ ముక్కకు నలుచదరపు కొస ఉంచి కోసి, వేగం తగ్గించగల డ్రిల్‌కు తగిలించండి. ఏ వైపు తిప్పితే ముల్లు లేస్తుందో ముందు వేళ్లతో చూసుకుని, డ్రిల్‌ను అదే దిశలో మెల్లగా తిప్పండి. వేగం స్థిరంగా ఉన్నప్పుడు ముల్లు కూడా స్థిరంగా నిలిస్తే మీటర్‌ను ముట్టుకోవద్దు. అప్పుడూ వణికితే ఇరుసు బుష్ ఎండింది లేదా అరిగింది. ఆ బుష్ దగ్గర గుండుసూది మొన మీద నిలిచేంత పల్చటి నూనె చుక్క వేసి చూడవచ్చు. స్ప్రింగు మీద, గిన్నె మీద నూనె పడకూడదు. అంతకు మించి లోపలికి వెళ్లడం నా సలహా కాదు. ముల్లు ఊడదీస్తే మళ్లీ సరైన చోట పెట్టడం చేయి తిరిగినవాళ్ల పని.

మీటర్ మార్చాల్సి వస్తే అమెరికాలో ఉన్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పాత మైళ్ల లెక్కనే కొత్త మీటర్‌లో పెట్టాలి. అది సాధ్యం కాకపోతే ఫెడరల్ చట్టం ప్రకారం కొత్త మీటర్‌ను సున్నాకు తెచ్చి, పాత లెక్క ఎంతో, మార్చిన తేదీ ఏదో రాసిన కాగితం ఎడమవైపు తలుపు చట్రానికి అతికించాలి. రేపు కారు కొనేవాళ్లకు మీరు ఇచ్చే మాట అది.

ఇప్పుడు క్రూయిజ్

ముల్లు నిలబడ్డాక మళ్లీ రోడ్డు మీదికి వెళ్లి క్రూయిజ్ పెట్టండి. చాలామందికి పని ఇక్కడితో అయిపోతుంది. ఇంకా కుదుపుతున్నా, అసలు పట్టుకోకపోయినా చవకైన కారణం నుంచి ఖరీదైన కారణం వైపు వెళ్లండి.

మొదట ఫ్యూజు. తర్వాత కారు వెనక నిలబడి, ఒకరిని బ్రేకు తొక్కమని బ్రేకు లైట్లు చూడండి. ఇది వింతగా అనిపించవచ్చు గాని చాలా పాత కార్లలో క్రూయిజ్ పెట్టె బ్రేకు బల్బుల ఫిలమెంటు గుండా ఎర్త్‌ను (కరెంటు తిరిగి వెళ్లే దారిని) వెతుక్కుంటుంది. బల్బులు పోతే, వైరు తెగిందనుకుని క్రూయిజ్ పట్టుకోవడమే మానేస్తుంది. పాత బల్బుల స్థానంలో ఎల్‌ఈడీలు పెట్టాక క్రూయిజ్ చచ్చిపోయిందంటే కారణం ఇదే. బ్రేకు పెడల్ దగ్గరి స్విచ్ కొంచెం జరిగినా పెట్టెకు మీరు ఎప్పుడూ బ్రేకు తొక్కుతున్నట్టే కనిపిస్తుంది. మాన్యువల్ గేర్ల కారైతే క్లచ్ స్విచ్ కూడా చూడండి.

తర్వాత వ్యాక్యూమ్. అమెరికన్ కార్లలో యాక్సిలరేటర్‌ను లాగేది ఎక్కువగా ఇంజన్ పీల్పుతో (వ్యాక్యూమ్) పనిచేసే రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్. నలభై ఏళ్ల గొట్టాలు కొసల దగ్గర చీలుతాయి. కొస కోసి మళ్లీ తొడిగితే సరిపోయే సందర్భాలే ఎక్కువ. చేతి వ్యాక్యూమ్ పంపు ఒకటి కొనుక్కోండి, వృథా పోదు. డయాఫ్రమ్‌కు తగిలించి, పంపు మీటర్ 15 అంగుళాల పాదరసం చూపేదాకా లాగి ఒక నిమిషం చూడండి. పంపు మీటర్ ముల్లు పడిపోతే డయాఫ్రమ్ చిల్లు. బ్రేకు పెడల్ దగ్గర గాలిని వదిలే కవాటం ఉన్న కార్లలో అదీ కారుతుంది, దాన్నీ ఇలాగే పరీక్షించాలి. కారు మెల్లమెల్లగా వేగం కోల్పోతుంటే వ్యాక్యూమ్ లీకును, ఊపిరి పీల్చినట్టు ముందుకూ వెనక్కూ ఊగుతుంటే యాక్సిలరేటర్ వైపు వెళ్లే గొలుసు లేదా తీగ వదులును ముందుగా అనుమానించండి. ఇంజన్ మామూలు నిదాన వేగంలో ఉన్నప్పుడు ఆ గొలుసులో కొద్దిపాటి వదులే ఉండాలి. అసలు వదులు లేకుండా బిగిస్తే యాక్సిలరేటర్ పూర్తిగా మూసుకోదు, అది ప్రమాదం.

ఇవన్నీ బాగుంటే చివరగా ఎలక్ట్రానిక్ పెట్టె. డబ్ల్యూ123 వంటి కార్లలో ఈ పెట్టె లోపలి టంకం అతుకులు వేడికీ కుదుపుకూ పగులుతాయి. మూత తీసి భూతద్దంతో సర్క్యూట్ పలక వెనక చూడండి. కనెక్టర్ పిన్నుల చుట్టూ సన్నటి ఉంగరంలాంటి గీత కనిపిస్తే అదే పగులు. ఆ అతుకులను మళ్లీ కరిగించి కొంచెం కొత్త టంకం చేర్చండి. పని అరగంట, ఖర్చు దాదాపు శూన్యం. పెట్టె కొనడానికి ముందు ఇది చేయకపోతే నిజంగా అన్యాయం.

క్రూయిజ్ కంట్రోల్‌ను కనిపెట్టిన రాల్ఫ్ టీటర్‌కు అయిదేళ్ల వయసులోనే చూపు పోయింది. కారు వేగం ఎగుడుదిగుళ్లు కళ్లున్నవాళ్ల కన్నా ఆయనకే ఎక్కువగా ఒంటికి తెలిసేవి. 1950లో ఆయనకు పేటెంటు వచ్చింది, 1958లో క్రిస్లర్ కార్లలో అది మొదటిసారి అమ్మకానికి వచ్చింది. నేను క్రూయిజ్ సరిచేశాక సరిచూసేదీ అలాగే. పక్క సీటులో కూర్చుని కళ్లు మూసుకుంటే కారు నిలకడ వెన్నుకు తెలుస్తుంది.

హైవే ఎక్కేముందు

పొడి రోడ్డు, ఖాళీ దారి, పగటి వెలుగు ఉండాలి. 45 మైళ్ల దగ్గర క్రూయిజ్ పెట్టి, బ్రేకు మీద పాదం ఆనించీ ఆనించగానే పట్టు వదులుతోందో లేదో చూడండి. మళ్లీ పెట్టి ఈసారి స్విచ్‌తో ఆపండి. రెండింటిలో ఏ ఒక్కటి ఆలస్యమైనా ఆ కారులో క్రూయిజ్ ఫ్యూజు తీసేసి ఇంటికి రండి. ఒకవేళ యాక్సిలరేటర్ ఇరుక్కుంటే గేరును న్యూట్రల్‌కు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి పక్కకు ఆపాకే ఇంజన్ ఆపండి. నడుస్తుండగా తాళం పూర్తిగా వెనక్కు తిప్పితే స్టీరింగ్ బిగుసుకుపోవచ్చు. ఈ మాట ఇంట్లో ఆ కారు నడిపే ప్రతి ఒక్కరికీ చెప్పండి. వానలో, మంచులో క్రూయిజ్ వాడవద్దని కూడా చెప్పండి.

అయిదు వందల మైళ్లు తిరిగాక మీటర్ వెనక చేయి పెట్టి కేబుల్ పై కొస ఒకసారి విప్పి చూడండి. పొడిగా ఉంటే తిరిగి బిగించేయండి. వేలికి నూనె అంటితే కింది సీలు ఇంకా కారుతోందన్నమాట, మళ్లీ జాకీ స్టాండ్లు బయటికి తీయాలి.